మోజార్ట్ రెక్వియెమ్‌లో మోజార్ట్ ఎంత?

'మోజార్ట్ చివరి రచనలు' అన్న పేరుతో ఆర్కెస్ట్రా కచేరీలు ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి. డిసెంబరు 5 పద్దెనిమిదో శతాబ్దపు ఆ పాశ్చాత్య స్వరకర్త వర్ధంతి కాబట్టి ఆ రోజుల్లో మరీ ఎక్కువ. ప్రోగ్రామ్ కూడా అటూ ఇటూగా ఒకేలా ఉంటుంది. ముందు 'మ్యాజిక్ ఫ్లూట్' ఒపేరాకి, అంటే సంగీత నాటకానికి, రాసిన ఓవర్చర్ (నాటకం మొదలవకముందు ఆర్కెస్ట్రా వాయించేది), తర్వాత క్లారినెట్ కన్చెర్టో (ఒక వాయిద్యం ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే రచన), ఇంటర్వెల్. ఆ తర్వాత కోరస్ వచ్చి నిలబడుతుంది. మూడు నిమిషాల 'ఆవే వేరుమ్ కోర్పుస్' అనే ప్రార్థనాగీతం పాడి, దాదాపు యాభై నిమిషాల రెక్వియెమ్‌తో, అంటే చనిపోయినవాళ్ళ కోసం చేసే పూజకి కట్టిన సంగీతంతో, ముగిస్తారు. ఇవన్నీ 1791లో పుట్టినవే. ఆ ఏడాది డిసెంబరు 5న, అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావస్తుండగా మోజార్ట్ వియన్నాలో తన ఇంట్లోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు.

ఇలాంటి కచేరీకి వెళ్ళేవాళ్ళ మనసులో సాధారణంగా రెండు నమ్మకాలు ఉంటాయి. ఇదంతా చావు దగ్గరపడిందని తెలిసి రాసిన సంగీతం అన్నది మొదటిది. ప్రోగ్రామ్ కాగితం మీద మోజార్ట్ అని ఉంది కాబట్టి ప్రతి స్వరమూ ఆయన రాసిందే అన్నది రెండోది. నేనూ చాలా ఏళ్ళు అలాగే విన్నాను. రెక్వియెమ్‌లో 'లాక్రిమోసా' అనే భాగం వచ్చేసరికి ప్రతిసారీ కళ్ళు చెమర్చేవి. తర్వాతెప్పుడో తెలిసింది, ఆ మూడు నిమిషాల పాటలో మోజార్ట్ చేతిరాత ఉన్నది మొదటి ఎనిమిది బార్లకేనని. బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తనం లాంటిది. ఎనిమిది బార్లంటే దాదాపు ముప్పావు నిమిషం, అంతే. మరి మిగతాదానికి కదిలిపోయానే, అది ఎవరిది? ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు.

1791 ఎలా గడిచింది

ఆ ఏడాది మోజార్ట్ చేసిన పని చూస్తే, లోకం నుంచి సెలవు తీసుకుంటున్న మనిషి ఎక్కడా కనిపించడు. 1784 ఫిబ్రవరి నుంచి పూర్తయిన ప్రతి రచననీ ఒక నోటుబుక్‌లో ఎక్కించడం ఆయనకు అలవాటు. ఎడమ పేజీలో తేదీ, రచన పేరు, ఏయే వాయిద్యాలు అన్నది. కుడి పేజీలో ఆ రచన ఎత్తుగడ. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1791 జనవరి 5 తేదీతో అందులో పియానో కన్చెర్టో నంబర్ 27 కనిపిస్తుంది. ఆయన చివరి పియానో కన్చెర్టో అదే. అందులో వీడ్కోలు వినిపిస్తోందనీ, అస్తమయపు వెలుతురు ఉందనీ తరతరాలుగా రాస్తూ వచ్చారు. తర్వాత అలన్ టైసన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు మోజార్ట్ వాడిన కాగితాల నీటిముద్రలను (వాటర్‌మార్కులను) ఒక్కొక్కటిగా పోల్చి చూశాడు. ఆ కన్చెర్టోలో ఎక్కువ భాగం 1788 ప్రాంతంలో మోజార్ట్ వాడిన కాగితం మీదే ఉందని తేలింది. మనం చావు ఛాయ అనుకున్నది చావుకి మూడేళ్ళ ముందు మొదలై, పక్కన పడి ఉండి, తర్వాత పూర్తయిన పని.

మే 9న వియన్నా నగరపాలక మండలి ఆయన్ని సెయింట్ స్టీఫెన్స్ కెథడ్రల్ సంగీత దర్శకుడికి సహాయకుడిగా నియమించింది. జీతం లేదు. కానీ అప్పటి దర్శకుడు లియోపోల్డ్ హాఫ్‌మన్ పెద్దవాడు, ఆరోగ్యం బాగాలేనివాడు. ఆయన తర్వాత ఆ ఉద్యోగం మోజార్ట్‌దే. ఎన్నో ఏళ్ళుగా ఆదాయం చాలక అప్పుల్లో నలుగుతున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. నా దృష్టిలో ఆ ఏడాది రచనలని అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఈ నియామక పత్రమే. మోజార్ట్ మనసు చర్చి సంగీతం వైపు తిరగడానికి మరణభయం అక్కర్లేదు, చేతికి అందబోతున్న ఉద్యోగం చాలు. చివరికి జరిగింది వేరు. జబ్బుమనిషి హాఫ్‌మన్ 1793 దాకా బతికాడు.

జూన్‌లో భార్య కాన్‌స్టాంట్సె నిండు గర్భిణి. వియన్నా దగ్గరి బాడెన్ అనే ఊళ్ళో వేడినీటి ఊటల వైద్యం కోసం ఉంది. ఆమెకి బస చూసిపెట్టినవాడు ఆ ఊరి చర్చి కోరస్ నడిపే ఆంటోన్ ష్టోల్. కార్పస్ క్రిస్టీ అనే కాథలిక్ పండుగ దగ్గరపడుతుండగా అతని కోసం రాసిందే 'ఆవే వేరుమ్ కోర్పుస్'. మొత్తం 46 బార్లు. చిన్న ఊరి కోరస్ పాడగలిగేంత సులువుగా ఉంటుంది. పైన 'సోట్టో వోచె' అని ఒక్క సూచన, అంటే గొంతు తగ్గించి పాడమని. అంత తక్కువ సరంజామాతో అంత నిండుగా ఎలా రాశాడో, ఎన్నిసార్లు విన్నా నాకు ఆశ్చర్యమే.

సెప్టెంబరు 6న ప్రాగ్‌లో లియోపోల్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి 'లా క్లెమెంజా ది తీతో' ఒపేరా. సెప్టెంబరు 30న వియన్నా శివార్లలో, మామూలు జనం వచ్చే థియేటర్‌లో 'మ్యాజిక్ ఫ్లూట్'. నాలుగు వారాల తేడాలో రెండు ఒపేరాలు. రెండోది చాలా పెద్ద హిట్.

ఆ రోజుల్లో మోజార్ట్ ఎలా ఉన్నాడో తెలియాలంటే అక్టోబరు 7, 8 తేదీల్లో భార్యకి రాసిన ఉత్తరం చదవాలి. ఒపేరా హాలు ఎప్పటిలాగే నిండిందని చెబుతాడు. అన్నిటికన్నా తనకి ఆనందం కలిగించింది జనం నిశ్శబ్దంగా తెలిపే మెప్పు అంటాడు. ఆమె బయల్దేరి వెళ్ళగానే ఒంటరిగా రెండు ఆటలు బిలియర్డ్స్ ఆడానని, తన గుర్రాన్ని 14 డకట్లకి అమ్మేశానని, నౌకరు చేత బ్లాక్ కాఫీ తెప్పించుకుని, పైపు తాగుతూ ఆనందించానని, ఆ తర్వాత ష్టాడ్లర్ రోండో దాదాపు మొత్తానికీ వాయిద్యాలు కూర్చేశానని రాశాడు. ష్టాడ్లర్ రోండో అంటే మన కచేరీలో ఇంటర్వెల్‌కి ముందు వినే క్లారినెట్ కన్చెర్టో చివరి భాగం. రెండు నెలల్లో పోబోయే మనిషి కాఫీ, పొగాకు, పని మధ్య ఎంత హాయిగా ఉన్నాడో చూడండి.

మనకి దొరికిన ఆయన చివరి ఉత్తరం అక్టోబరు 14ది. అందులో ఏముందో తెలిస్తే ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. ముందురోజు సాయంత్రం వియన్నా దర్బారు సంగీతకారుడు సాలియేరీని, గాయని కవాలియేరీని తనే వెంటబెట్టుకుని 'మ్యాజిక్ ఫ్లూట్'కి తీసుకెళ్ళానని, ఓవర్చర్ నుంచి ఆఖరి కోరస్ దాకా సాలియేరీ ప్రతిదానికీ శభాష్ అన్నాడని సంబరంగా రాశాడు. సాలియేరీ విషం పెట్టాడన్న పుకారు ఆ తర్వాతి కాలంలో పెరిగింది. రష్యన్ కవి పూష్కిన్ దాన్ని నాటకం చేశాడు, 1980లలో హాలీవుడ్ సినిమా ఒకటి దాన్ని ప్రపంచమంతా నాటుకునేలా చేసింది. ఆ సినిమాలో పక్కమీద పడుకున్న మోజార్ట్ చెబుతుంటే సాలియేరీ రెక్వియెమ్ రాసుకునే సీన్ ఎంత గొప్పగా తీసినా, అలా జరగలేదు. రాసినవాళ్ళు వేరే ఉన్నారు.

క్లారినెట్ కన్చెర్టో అసలు ప్రతి లేదు

రెక్వియెమ్ ఒక్కటే చిక్కు అనుకుంటాం. క్లారినెట్ కన్చెర్టోలోనూ మనం వినేది సరిగ్గా మోజార్ట్ రాసింది కాదు. ఆయన స్నేహితుడు ఆంటోన్ ష్టాడ్లర్ దగ్గర మామూలు క్లారినెట్ కన్నా పొడవైనది ఒకటి ఉండేది. దాన్ని ఇప్పుడు బాసెట్ క్లారినెట్ అంటున్నాం. మామూలుదాని కన్నా నాలుగు అర మెట్లు కిందికి, మంద్రంలోకి దిగుతుంది. మోజార్ట్ ఆ కింది స్వరాల కోసమే ఈ కన్చెర్టో రాశాడు. తర్వాత ఆయన చేతిరాత ప్రతి పోయింది. 1801లో అచ్చువేసిన పబ్లిషర్లు మామూలు క్లారినెట్ మీద వాయించుకునేలా కింది స్వరాలని పై స్థాయికి ఎత్తేశారు. 1802లోనే ఒక జర్మన్ సంగీత పత్రిక ఈ మార్పుని గమనించి, మోజార్ట్ రాసింది ఇలా కాదని రాసింది. అయినా ఒకటిన్నర శతాబ్దం పాటు జనం విన్నది ఆ ఎత్తేసిన రూపమే.

చేతిరాతలో మిగిలింది ఒక్కటి, మొదటి భాగానికి వేరే వాయిద్యం కోసం మోజార్ట్ ముందు వేసుకున్న 199 బార్ల చిత్తుప్రతి. అది స్విట్జర్లండ్‌లోని వింటర్‌టూర్‌లో ఉంది. దాన్ని చూసీ, స్వరాలు ఉన్నట్టుండి వింతగా పైకి గెంతే చోట్లు చూసీ, అసలు రూపం ఎలా ఉండేదో మళ్ళీ కట్టారు. 1794లో ష్టాడ్లర్ రీగాలో చేసిన కచేరీల కరపత్రం మీద ఆ వాయిద్యం బొమ్మ కూడా బయటపడింది. కింద వంపు తిరిగి, చివర ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈసారి కచేరీకి వెళ్తే సోలో వాయించేవాళ్ళ చేతిలోని క్లారినెట్ పొడవు చూడండి. పొడుగ్గా, కాస్త కిందికి వేలాడుతున్నట్టు ఉంటే మీరు వినబోయేది ష్టాడ్లర్ విన్నదానికి దగ్గరగా ఉన్న రూపం. ముఖ్యంగా నెమ్మదిగా సాగే రెండో భాగం తర్వాత వచ్చే రోండోలో, పైనుంచి దొర్లుకుంటూ వచ్చిన స్వరాలు మధ్యలో వెనక్కి గెంతకుండా నేరుగా అడుగుకి దిగుతాయి. ఆ తేడా వినడానికి సంగీతం చదువుకోనక్కర్లేదు.

మోజార్ట్ పోయాక తీసిన ఆస్తుల లెక్కలో ష్టాడ్లర్ ఇవ్వాల్సిన 500 గుల్డెన్ల బాకీ కూడా ఉంది. డబ్బు తిరిగి ఇవ్వని స్నేహితుడికి రాసిపెట్టిన సంగీతం ఇది.

ఎవరో తెలియని మనిషి అడిగిన పూజ

రెక్వియెమ్ అంటే చనిపోయినవాళ్ళ ఆత్మశాంతికి కాథలిక్ చర్చిలో చేసే పూజ. 'వారికి శాశ్వత విశ్రాంతి ప్రసాదించు ప్రభూ' అన్న లాటిన్ మాటలతో మొదలవుతుంది. ఆ పూజలోని పాఠాలకి కట్టిన సంగీతాన్ని కూడా రెక్వియెమ్ అనే అంటారు.

1791లో ఒక దూత వచ్చి, పేరు చెప్పకుండా, సగం డబ్బు ముందే ఇచ్చి ఇది రాయమన్నాడు. ఈ పేరు చెప్పని దూత చుట్టూ అల్లిన కథలకి లెక్కలేదు. యముడు పంపిన మనిషని మోజార్ట్ నమ్మాడనీ, నా చావు పాట నేనే రాసుకుంటున్నానని భార్యతో అన్నాడనీ ఆయన తొలి జీవితచరిత్రకారులు రాశారు. జబ్బు ముదిరాక ఆ మాట అని ఉండొచ్చు కూడా, భార్య చెప్పిన మాటే కదా. కానీ దూత వెనక ఉన్నది మామూలు మనిషే. పేరు ఫ్రాంట్స్ ఫాన్ వాల్‌సెగ్, ఆస్ట్రియాలో ఒక కౌంట్. ఆయన భార్య ఆన్నా ఆ ఏడాది ఫిబ్రవరి 14న ఇరవై ఏళ్ళకే చనిపోయింది. ఆమె సంస్మరణకి ఏటా వినిపించడానికి ఆయనకి ఒక రెక్వియెమ్ కావాలి.

మరి పేరెందుకు దాచాడు? వాల్‌సెగ్ సంగీతం పిచ్చి ఉన్న జమీందారు. పేరున్న సంగీతకారుల చేత రహస్యంగా రాయించుకుని, తన చేత్తో కాపీ చేసి, కోటలో వాయించి, ఎవరు రాశారో చెప్పుకోండి చూద్దాం అని అడిగేవాడు. మీరే రాశారని చుట్టూ ఉన్నవాళ్ళు అంటే కాదనేవాడు కాదు. రెక్వియెమ్‌ని కూడా 1793 డిసెంబరు 14న వీనర్ నాయ్‌ష్టాట్‌లో తన రచనగా తనే నడిపించాడు. అప్పటికే, ఆ ఏడాది జనవరి 2న, వియన్నాలో కాన్‌స్టాంట్సె సహాయార్థం జరిగిన కచేరీలో అది మోజార్ట్ పేరుతో వినిపించేసింది. పాపం, కౌంట్ దుఃఖం మాత్రం నిజమైనదే. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

రెండు ఒపేరాల పని మీద పడటంతో మోజార్ట్ దీన్ని పక్కన పెట్టి, అక్టోబరులోగానీ గట్టిగా పట్టుకోలేదు. నవంబరు 15న నోటుబుక్‌లో ఒక చిన్న కాంటాటా (గొంతులకీ వాయిద్యాలకీ రాసే గానం) పేరు ఎక్కించాడు. తన సభ్యత్వం ఉన్న, ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం శాఖ (లాడ్జి) కోసం రాసింది, సంతోషంగా ఉంటుంది. ఆయన పూర్తి చేసిన చివరి రచన నిజానికి అదే, రెక్వియెమ్ కాదు. కచేరీల్లో మాత్రం దాన్ని ఎవరూ పెద్దగా వినిపించరు. నవంబరు 20కి మంచం పట్టాడు. నోటుబుక్‌లో ఆ కాంటాటా తర్వాత స్వరగీతలు గీసి ఉంచుకున్న పేజీలు ఖాళీగా ఉండిపోయాయి.

కాగితం మీద ఏముంది

రెక్వియెమ్ రాతప్రతి వియన్నాలో ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉంది. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. నేను ఒక రాత్రి రికార్డింగ్ పెట్టుకుని, ఆ పేజీలు ఒక్కొక్కటీ తిప్పుతూ విన్నాను. అంతవరకూ చదివిన వ్యాసాలన్నీ చెప్పనిది ఆ పేజీలే చెప్పాయి.

మొదటి భాగం 'ఇంట్రోయిట్' నిండుగా ఉంది. ప్రతి వాయిద్యం, ప్రతి స్వరం మోజార్ట్‌దే. వెంటనే వచ్చే 'కీరియే'లో నాలుగు గొంతులూ, అడుగున బేస్ స్వరాలూ పూర్తిగా ఆయనవే. వాయిద్యాలు దాదాపు ఆ గొంతులనే అనుసరిస్తాయి కాబట్టి వాటిని శిష్యులు నింపారు. ఇక్కడి నుంచి పేజీ పలచబడుతుంది. 'దియెస్ ఇరే' అంటే 'ఆగ్రహ దినం'. అక్కడి నుంచి 'కొన్ఫుతాతిస్' దాకా ఉన్న అయిదు భాగాల్లోనూ, తర్వాతి 'దోమినే యేసు', 'హోస్తియాస్'లోనూ కాగితం ఒకేలా ఉంటుంది. మధ్యలో నాలుగు గొంతుల వరసలు సాహిత్యంతో సహా నిండి ఉంటాయి. అడుగున బేస్, దాని కింద ఏ స్వరసంగతి (కలిసి ఒకేసారి మోగే స్వరాలు, కార్డ్) రావాలో సూచించే అంకెలు. పైన వయొలిన్ వరసలో అక్కడో ఇక్కడో ఒక పలుకు, అది కూడా ముఖ్యమైన చోట మాత్రమే. మిగతా గీతలన్నీ ఖాళీ. ఇల్లు కట్టేటప్పుడు స్తంభాలు, దూలాలు లేచి గోడలు లేవకుండా ఆగిపోతే ఎలా ఉంటుందో అలా. ఇల్లు ఎవరిదన్న సందేహం రాదు, కానీ అందులో కాపురం చేయలేం.

ఇక లాక్రిమోసా. మొదటి రెండు బార్లలో వయొలిన్లు, వయోలాలు. పైకి తేలుతూ తెగిపోతూ, ఎక్కిళ్ళలా ఉండే జంట స్వరాలు. మూడో బార్‌లో కోరస్ అందుకుంటుంది. 'కన్నీళ్ళ రోజు అది, తీర్పు కోసం దోషి అయిన మనిషి బూడిదలోంచి లేచే రోజు.' 'లేచే' అన్న మాట దగ్గర పై గొంతు నిజంగానే మెట్లెక్కుతుంది. ముందు ఒక్కో స్వరం, తర్వాత మరీ దగ్గర దగ్గరగా అర మెట్టు చొప్పున, గొంతు పెంచుకుంటూ ఎనిమిదో బార్‌కి పైకి చేరుతుంది. 'హోమో రేయుస్', దోషి అయిన మనిషి. అక్కడితో మోజార్ట్ సిరా ఆగిపోయింది.

అక్కడే ప్రాణం పోయిందన్నది జనం ఇష్టంగా చెప్పుకునే మాట. అది నిలబడదు. ఆ తర్వాత రావాల్సిన 'దోమినే యేసు', 'హోస్తియాస్' గొంతుల వరకు పూర్తిగా ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. డిసెంబరు 4 మధ్యాహ్నం మంచం చుట్టూ స్నేహితులు కూర్చుని రెక్వియెమ్ పాడుతుంటే తనూ ఒక గొంతు అందుకుని, లాక్రిమోసా దగ్గర వెక్కి వెక్కి ఏడ్చాడని ఒక కథనం ఉంది. అది అచ్చులోకి వచ్చింది 36 ఏళ్ళ తర్వాత, 1827లో.

తర్వాత రావాల్సిన 'సాంక్తుస్', 'బెనెదిక్తుస్', 'ఆగ్నుస్ దేయి' భాగాలకి మోజార్ట్ చేతిరాతలో ఒక్క పేజీ కూడా లేదు.

పూర్తి చేసినవాళ్ళు

మోజార్ట్ పోయేనాటికి కాన్‌స్టాంట్సెకి 29 ఏళ్ళు. ఇద్దరు కొడుకులు, పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నవాడికి నాలుగు నెలలు. అప్పులున్నాయి. రెక్వియెమ్ పూర్తి చేసి ఇస్తేనే మిగతా సగం డబ్బు వస్తుంది. ఇవ్వకపోతే ముందు తీసుకున్నది వెనక్కి అడుగుతారన్న భయం. తర్వాతి కాలంలో ఆమె నిజం దాచిందని, రకరకాలుగా చెప్పిందని చాలామంది తప్పుబట్టారు. ఆ స్థితిలో ఉన్న మనిషి ఇంకేం చేయగలదో నాకైతే తెలియదు.

ముందు ఆమె వెళ్ళింది యోసెఫ్ ఐబ్లర్ దగ్గరికి. మంచి సంగీతకారుడు, మోజార్ట్‌కి నమ్మకస్తుడు. డిసెంబరు 21న ఒప్పుకుంటూ సంతకం చేశాడు. దియెస్ ఇరే నుంచి కొన్ఫుతాతిస్ దాకా ఖాళీ గీతల మీద వాయిద్యాలు నింపుకుంటూ వచ్చాడు, నేరుగా మోజార్ట్ రాసిన కాగితాల మీదే. లాక్రిమోసాలో ఎనిమిదో బార్ తర్వాత పై గొంతుకి రెండు బార్లు రాశాడు. రాసి, ఆగిపోయి, తిరిగి ఇచ్చేశాడు. రాతప్రతిలో ఆ రెండు బార్లు చూస్తుంటే ఆయన చేయి వెనక్కి తీసుకోవడం కళ్ళకు కట్టినట్టుంటుంది. నింపడం వేరు, మోజార్ట్ ఆపిన వాక్యాన్ని కొనసాగించడం వేరు.

చివరికి ఆ పని ఫ్రాంట్స్ జేవర్ జూస్‌మయర్ మీద పడింది. పాతికేళ్ళ కుర్రాడు. ఆ చివరి నెలల్లో మోజార్ట్ ఇంట్లో తిరుగుతూ, ఆయనకి నోట్లు కాపీ చేసిపెడుతూ ఉండేవాడు. మోజార్ట్ రాసినవి కొత్త కాగితాల మీద ఎక్కించి, వాయిద్యాలు తన పద్ధతిలో కూర్చి, లాక్రిమోసాని ముగించి, లేని మూడు భాగాలూ రాశాడు. ఆఖరి 'కమ్యూనియన్' భాగానికి మోజార్ట్ సొంతంగా రాసిన ఇంట్రోయిట్, కీరియే సంగీతాన్నే సాహిత్యం మార్చి మళ్ళీ వాడాడు. అతని చేతిరాత మోజార్ట్ రాతకి ఎంత దగ్గరంటే కౌంట్‌కి తేడా తెలియలేదు. ప్రతి మీద మోజార్ట్ సంతకం కూడా ఉంది. దాని పక్కన వేసిన సంవత్సరం మాత్రం 1792. అప్పటికి ఆయన లేడు.

1800లో ఒక పబ్లిషర్‌కి రాసిన ఉత్తరంలో జూస్‌మయర్ ఏది తనదో చెప్పాడు. సాంక్తుస్, బెనెదిక్తుస్, ఆగ్నుస్ దేయి పూర్తిగా తను కొత్తగా రాసినవేనన్నాడు. ఆ మాట పట్టుకుంటే లెక్క తేలిపోవాలి, తేలలేదు. మోజార్ట్ బల్ల మీద దొరికిన కొన్ని చిన్న కాగితం ముక్కలు జూస్‌మయర్‌కి ఇచ్చానని కాన్‌స్టాంట్సె తర్వాత చెప్పింది. అవి కనిపించకుండా పోయాయి. పైగా ఆగ్నుస్ దేయి మొదట్లో బేస్ గొంతులు పాడేది జాగ్రత్తగా వింటే ఇంట్రోయిట్ మొదటి స్వరాలే అందులో ఉన్నాయి. దాని స్థాయి కూడా జూస్‌మయర్ సొంతంగా రాసిన మిగతా సంగీతం కన్నా ఎక్కువ. అందుకే దాని వెనక మోజార్ట్ ఉన్నాడని చాలామంది నమ్ముతారు. నాకూ అలాగే వినిపిస్తుంది.

ఇదంతా తెలుగువాళ్ళకి మరీ కొత్త కథేం కాదు. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. 'శారదరాత్రులు' పద్యం దగ్గర ఆయన గొంతు ఆగుతుందని మనం బళ్ళోనే విన్నాం. ఆ పర్వాన్ని ముట్టుకుంటే అరిష్టమన్న భయంతోనే తిక్కన దాన్ని దాటి విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడని కథలు పుట్టాయి. రెక్వియెమ్ చుట్టూ పుట్టినవీ అలాంటివే. తర్వాత ఎర్రన వచ్చి ఆ మిగిలిన భాగాన్ని నన్నయ పేరు మీద, నన్నయ రాజు రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూర్తి చేశాడు. నన్నయ పద్ధతిలో మొదలుపెట్టి మెల్లగా తిక్కన పద్ధతిలోకి నడిపించాడు. ఆ అతుకు ఎక్కడుందో తెలిసి చదివితే అరణ్యపర్వం తగ్గిపోదు, చెవి ఇంకా పదునెక్కుతుంది. తేడా ఏమిటంటే ఎర్రనకి రెండున్నర శతాబ్దాల పైన దూరం ఉంది, తనూ మహాకవి. జూస్‌మయర్‌కి కొన్ని వారాలే టైమ్ ఉంది, ప్రతిభ మామూలుది, పక్కగదిలో పసిపిల్లవాడితో విధవరాలు డబ్బుకోసం ఎదురుచూస్తోంది.

అతుకులు ఎక్కడ తెలుస్తాయి

జూస్‌మయర్ లోపాలు సంగీతం చదివినవాళ్ళు ఎప్పుడో ఎత్తిచూపారు. స్వరాల నడకలో వ్యాకరణ దోషాలున్నాయి. సాంక్తుస్ చివర 'ఓసన్నా' అని ఒక చిన్న ఫ్యూగ్ వస్తుంది. ఫ్యూగ్ అంటే ఒకే పల్లవిని ఒక గొంతు తర్వాత ఇంకో గొంతు అందుకుంటూ అల్లే పద్ధతి. మోజార్ట్ కీరియేలో అదే పద్ధతిలో కట్టింది కోట అయితే, ఈ ఓసన్నా ఇలా మొదలై అలా ముగుస్తుంది. బెనెదిక్తుస్ తర్వాత అదే ఓసన్నా మళ్ళీ రావాలి, వస్తుంది కూడా, కానీ వేరే శ్రుతిలో. వినేవాళ్ళకి ఎక్కడో మెట్టు తప్పినట్టుంటుంది.

1960లలో ఇంకో విషయం బయటపడింది. వోల్ఫ్‌గాంగ్ ప్లాట్ అనే పరిశోధకుడికి బెర్లిన్ గ్రంథాలయంలో మోజార్ట్ చిత్తు కాగితం ఒకటి దొరికింది. అందులో 'ఆమెన్' అన్న మాట మీద ఫ్యూగ్‌కి ఎత్తుగడ ఉంది, పదహారు బార్లు. దాని పల్లవి రెక్వియెమ్ మొదటి స్వరాలని తలకిందులు చేసి కట్టింది. అంటే లాక్రిమోసా చివర మోజార్ట్ అనుకున్నది ఒక పెద్ద ఆమెన్ ఫ్యూగ్. జూస్‌మయర్ అక్కడ రెండు స్వరసంగతులతో 'ఆ...మెన్' అని ముగించేశాడు. ఆ కాగితం అతను చూశాడో లేదో.

అక్కడి నుంచి కొత్త పూరింపులు మొదలయ్యాయి. ఫ్రాంట్స్ బాయర్ జూస్‌మయర్ వాయిద్యాల కూర్పులోని తప్పులు మాత్రం సరిచేశాడు. రిచర్డ్ మాండర్ సాంక్తుస్, బెనెదిక్తుస్ మోజార్ట్‌వి కావంటూ తీసిపారేసి, ఆమెన్ ఫ్యూగ్ కట్టాడు, ఆగ్నుస్ దేయి మాత్రం ఉంచాడు. అమెరికన్ పియానిస్ట్ రాబర్ట్ లెవిన్ జూస్‌మయర్ సంగీతాన్ని నిలబెడుతూనే ఆమెన్, ఓసన్నాలని పెంచాడు. కాబట్టి ప్రోగ్రామ్ కాగితంలో 'మోజార్ట్, రెక్వియెమ్' పక్కన ఎవరి పేరుందో చూసుకోవడం మంచిది. లాక్రిమోసా రెండు స్వరసంగతులతో ముగిస్తే అది జూస్‌మయర్. ముగియకుండా గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తే ఇంకెవరో.

నన్నడిగితే మొదటిసారి వినేవాళ్ళు జూస్‌మయర్ రూపమే వినాలంటాను. 1809లో హైడెన్ సంస్మరణలో, 1827లో బేతోవెన్ పోయినప్పుడు, 1849లో షోపెన్ అంత్యక్రియల్లో పాడింది అదే. రెండు వందల ఏళ్ళకి పైగా జనం తమవాళ్ళని సాగనంపింది ఆ అతుకులున్న సంగీతంతోనే. లాక్రిమోసా ఎనిమిదో బార్ తర్వాత జూస్‌మయర్ ఏం చేశాడో గమనించండి. మోజార్ట్ ఇచ్చిన ఎక్కిళ్ళ స్వరాలని వదలకుండా పట్టుకున్నాడు, కొత్త తెలివి చూపించే ప్రయత్నం చేయలేదు. నేను ఏడ్చింది అక్కడే కాబట్టి ఆ కుర్రాడిని తేలిగ్గా తీసేయడం నా వల్ల కాదు. అతను కూడా 37 ఏళ్ళకే, 1803లో పోయాడు.

అసలు మోజార్ట్ కూడా ఒంటరిగా లేడు ఈ సంగీతంలో. ఇంట్రోయిట్‌లో అంతకుముందు తరం స్వరకర్త హాండెల్ ఒక రాణి అంత్యక్రియలకి రాసిన సంగీతం జాడ ఉంది. కీరియే ఫ్యూగ్ పల్లవి హాండెల్ 'మెసయ్య'లోని ఒక కోరస్‌కి దగ్గరి చుట్టం. 1789లో 'మెసయ్య'కి కొత్తగా వాయిద్యాలు కూర్చింది మోజార్టే, అప్పటి నుంచి అది ఆయన చేతిలో ఉంది.

రాతప్రతి విషయంలో ఒక దుఃఖం మాత్రం చెప్పాలి. 1958లో బ్రస్సెల్స్ వరల్డ్ ఫెయిర్‌లో దాన్ని ప్రదర్శనకి పెట్టారు. అప్పుడు ఎవరో హోస్తియాస్ ఆఖరి పేజీ కింది మూల చింపుకుపోయారు. ఆ మూలలో మోజార్ట్ చేతిరాతలో ఉన్నవి కొన్ని అక్షరాలే. 'క్వామ్ ఓలిమ్' అన్న ముందరి ఫ్యూగ్‌ని మళ్ళీ మొదటి నుంచి పాడాలని సూచన. ఆయన రాసిన ఆఖరి మాటలు అవే కావచ్చని చాలామంది అనుకుంటారు. ఆ ముక్క ఇప్పటికీ దొరకలేదు. ఆన్‌లైన్ స్కాన్‌లో ఆ పేజీకి వచ్చేసరికి మూల చిరిగి ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది.

కచేరీ ఆఖరికి వస్తే, జూస్‌మయర్ తెచ్చి పెట్టిన కమ్యూనియన్‌లో మళ్ళీ మోజార్ట్ సంగీతమే. మొదట్లో కీరియేగా విన్న ఫ్యూగ్ వేరే మాటలతో తిరిగి వస్తుంది. చివర్లో వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. కోరస్, ట్రంపెట్లు, డ్రమ్ములు అన్నీ కలిసి ఒకే స్వరసంగతి మీద నిలబడతాయి. పాశ్చాత్య సంగీతంలో ఇంత పెద్ద రచన ముగిసేటప్పుడు ఆ స్వరసంగతిలో గాంధారం ఉండటం రివాజు. అది ఏ గాంధారమన్నదాన్ని బట్టే ముగింపు వెలుగా, చీకటా అన్నది తెలుస్తుంది. మోజార్ట్ ఇక్కడ గాంధారం పెట్టలేదు. ఉన్నది షడ్జం, పంచమం మాత్రమే. కచేరీ మొదలవకముందు తంబురా మీటితే మన చెవికి ఆనేది ఏదో, రెక్వియెమ్ ఆఖరున హాలంతా నిండేది అదే.